ల్యాబ్ నంబరుకు ‘స్పామ్’ ముద్ర పడితే: ఎవరు వేశారో కనిపెట్టడం, తీయించుకోవడం, మళ్ళీ పడకుండా చూసుకోవడం

విజయవాడలో డయాగ్నస్టిక్ ల్యాబ్ నడుపుతున్న మీరు అడిగింది ఇదీ: రిపోర్టు రెడీ అయిందనో, ఇంటికి శాంపిల్ తీసుకోడానికి మనిషి బయల్దేరాడనో పేషెంట్లకు ఫోన్ చేస్తే కొందరి ఫోన్లలో ‘స్పామ్’ అని పడుతోంది, సగం మంది ఎత్తడం లేదు. ఇప్పటికే సిమ్ మార్చి చూశారు, కొత్త నంబరుకూ అదే గతి పట్టింది. హైదరాబాద్‌లో అమెరికా ఉద్యోగాల రిక్రూటింగ్ ఆఫీసు పెట్టుకున్న మీ అన్నయ్యకూ ఇదే బాధ. ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ముందుగా, ఇంకో సిమ్ కొనకండి. వరసగా రెండు నంబర్లకు ముద్ర పడిందంటే చాలావరకు తప్పు నంబరుది కాదు, దాన్నుంచి కాల్స్ వెళ్తున్న తీరుది. అది మార్చకుండా నంబరు మారిస్తే కొన్నాళ్ళకు మళ్ళీ ఇక్కడికే వస్తారు. పైగా కొత్తదనుకున్న నంబరు నిజంగా కొత్తది కాకపోవచ్చు. రద్దయిన నంబరును 90 రోజులు పక్కన పెట్టాక కంపెనీలు ఇంకొకరికి ఇవ్వొచ్చు. పాత యజమాని దాంతో లోన్లు అమ్మి ఉంటే ఆ చెడ్డపేరు సిమ్‌తో పాటే మీ చేతికొస్తుంది. ఎప్పుడు కొత్త నంబరు తీసుకున్నా బిల్లు బుక్కుల మీద అచ్చు వేయించకముందే ట్రూకాలర్‌లో వెతికి, వాట్సాప్‌లో పాతవారి పేరో ఫోటోనో ఇంకా ఉందేమో చూసుకోవాలి.

రెండో విషయం, ‘స్పామ్’ అన్న ముద్ర ఏదో ఒక ప్రభుత్వ రిజిస్టర్లో ఉండేది కాదు. ఫోన్ అందుకునేవారి నెట్‌వర్క్ వేయొచ్చు, వాళ్ళ ఫోన్లోని డయలర్ (కాల్స్ చేసే, అందుకునే యాప్) వేయొచ్చు, వాళ్ళు పెట్టుకున్న ట్రూకాలర్ లాంటి యాప్ వేయొచ్చు, లేదా వాళ్ళే ఎప్పుడో విసుగొచ్చి నొక్కిన బ్లాక్ కావచ్చు. ఒకరు తీసేసిన సంగతి రెండోవారికి తెలియదు. కాబట్టి మొదటి పని ఫిర్యాదు కాదు, ఎవరు వేశారో పట్టుకోవడం.

దానికి అయిదారు ఫోన్లు చాలు. మీ నంబరు సేవ్ చేసుకోనివి, మీ ల్యాబ్ నుంచి ఇంతకుముందు కాల్ వెళ్ళనివి కావాలి. వాటిలో ఎయిర్‌టెల్, జియో, వీఐ సిమ్‌లు ఒక్కొక్కటైనా ఉండేట్టు చూసుకోండి. ఒక ఫోన్లో గూగుల్ ఫోన్ యాప్ డయలర్‌గా ఉండాలి, ఒకటి సామ్‌సంగ్ అయ్యుండాలి, ఒకదాంట్లో ట్రూకాలర్ ఉండాలి. ఒక్కో ఫోన్‌కు ఒకసారి కాల్ చేసి, మోగుతుండగానే ఆ తెరను ఇంకో ఫోన్‌తో ఫోటో తీయండి. తర్వాత ఎత్తి అర నిమిషం మాట్లాడి పెట్టేయండి. రింగ్ ఇచ్చి కట్ చేసే టెస్ట్ కాల్స్ పదేపదే చేయొద్దు, అవి కూడా మీ నంబరు ఖాతాలోనే పడతాయి.

తెర మీద ఉన్న మాటలే సగం ఆచూకీ చెబుతాయి. పేరు ఉండాల్సిన చోట ‘సస్పెక్టెడ్ స్పామ్’ అని పడి, అది ఎయిర్‌టెల్ సిమ్ ఉన్న ఫోన్లలోనే వస్తుంటే నెట్‌వర్క్ వేసిన ముద్ర. ఎయిర్‌టెల్ 2024 సెప్టెంబరులో ఈ ఏఐ వ్యవస్థను మొదలుపెట్టింది. తర్వాత వీఐ కూడా ఇలాంటి హెచ్చరికలు తెచ్చింది. తెరంతా ఎర్రబడి అనుమానాస్పద కాలర్ అని వస్తే, ఆ ఫోన్లో ఉన్నది గూగుల్ డయలర్ అయితే, అది గూగుల్ పని. ఇంతమంది స్పామ్ అన్నారు అని లెక్కతో సహా చూపించేది ట్రూకాలర్. ఇంకా సందేహం ఉంటే ఆ యాప్‌లో కాలర్ ఐడీ, స్పామ్ సెట్టింగ్ ఆపేసి మరోసారి కాల్ చేయండి. ముద్ర పోతే యాప్‌ది, పోకపోతే నెట్‌వర్క్‌ది. మొబైల్ డేటా ఒక్కటీ ఆపి చూడటం చాలదు, ఎందుకంటే ఈ యాప్‌లు స్పామ్ నంబర్ల జాబితాను ముందే ఫోన్‌లోకి దింపుకుని ఉంచుకోగలవు.

ఐఫోన్ ఉన్న పేషెంట్ ‘అసలు మీ ఫోనే రాలేదు’ అన్నాడంటే, తెలియని నంబర్లను మోగనివ్వకుండా నేరుగా మిస్డ్ కాల్స్‌లో పడేసే సెట్టింగ్ ఆన్‌లో ఉండొచ్చు. అది స్పామ్ ముద్ర కాదు, మీరు తీయించగలిగేదీ కాదు. శాంపిల్ తీసుకునేటప్పుడే నంబరు సేవ్ చేసుకోమని అడగడం ఒక్కటే దారి.

ఏ ఫోన్లో, ఏ సిమ్ మీద, ఏ తేదీ ఏ సమయానికి ఏ మాట పడిందో ఒక షీట్‌లో రాసిపెట్టుకోండి. తర్వాత పెట్టుకునే ప్రతి అర్జీకీ ఇదే ఆధారం. ‘మా నంబరు స్పామ్ అని వస్తోందట’ అని రాస్తే కస్టమర్ కేర్‌లో ఎవరూ పట్టించుకోరు, ఫోటో ఉంటే వినక తప్పదు.

ఇప్పుడు అసలు కారణం. అర్జీల కంటే దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను, ఎందుకంటే ఇది మారకుండా ముద్ర తీయించుకున్నా నిలవదు. మీరేం మాట్లాడారో నెట్‌వర్క్ వినదు. కాల్స్ ఎన్ని, ఎంత తరచుగా, ఒక్కొక్కటి ఎంతసేపు, ఎంతమంది వేర్వేరు మనుషులకు అన్న నడకనే చూస్తుంది. తమ వ్యవస్థ సుమారు 250 అంశాలు చూస్తుందని ఎయిర్‌టెలే చెప్పింది. ఇప్పుడు మీ రిసెప్షన్‌ను ఆ కళ్ళతో చూడండి. ఉదయం గంటన్నరలో ఒకే సిమ్ నుంచి యాభై మందికి కాల్స్ వెళ్తాయి. యాభై మందికీ ఆ నంబరు కొత్తే. సగం మంది ఎత్తరు. ఎత్తినవారితో ‘రిపోర్టు వచ్చిందండీ, వచ్చి తీసుకోండి’ అని పది సెకన్లలో అయిపోతుంది. తిరిగి ఆ నంబరుకు ఎవరూ చేయరు, ఎందుకంటే బిల్లు మీద వేసింది వేరే నంబరు. క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్ళ సిమ్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

కాబట్టి మొదట కాల్స్ తగ్గించండి. రిపోర్టు రెడీ అన్న ఒక్క ముక్క చెప్పడానికి ఫోన్ అక్కర్లేదు, వాట్సాప్ లేదా ఎస్సెమ్మెస్ చాలు. వాల్యూలు తేడాగా ఉన్నప్పుడు, శాంపిల్ పాడై మళ్ళీ ఇవ్వాల్సొచ్చినప్పుడు, ఇంటి అడ్రసు దొరకనప్పుడు మాత్రమే ఫోన్ చేయండి. ఇవి సహజంగానే ఎక్కువసేపు సాగే కాల్స్, వాటితో నంబరు నడక దానంతటదే మెరుగవుతుంది. బిల్లు మీద, రిపోర్టు కవరు మీద, బోర్డు మీద, గూగుల్ మ్యాప్స్‌లో కూడా మీరు కాల్ చేసే నంబరే ఉండాలి. బయటికి పోయేవే తప్ప లోపలికి వచ్చే కాల్స్ లేని నంబరును ఏ వ్యవస్థా నమ్మదు.

రింగ్‌ను మధ్యలో కట్ చేయొద్దని సిబ్బందికి గట్టిగా చెప్పండి. ఎత్తకపోతే మొబైల్ 30 సెకన్ల వరకు మోగాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో నిర్ణయించింది. ఆ 30 సెకన్లూ మోగనివ్వాలి. రెండు రింగులకే కట్ చేసి వెంటనే మళ్ళీ కొట్టడం మోసగాళ్ళ అలవాటు. ఎత్తకపోతే ‘ఫలానా ల్యాబ్ నుంచి, మీ అమ్మగారి షుగర్ టెస్టు శాంపిల్ గురించి ఫోన్ చేశాం, వీలైనప్పుడు ఇదే నంబరుకు చేయండి’ అని మెసేజ్ పెట్టి, మళ్ళీ రెండు గంటల తర్వాతే ప్రయత్నించండి.

ఎత్తిన తర్వాత మొదటి అయిదు సెకన్లు చాలా ముఖ్యం. ‘హలో, సుబ్బారావు గారేనా మాట్లాడేది?’ అని మొదలుపెడితే ఎదుటివారికి లోన్ ఏజెంటే గుర్తొస్తాడు. ‘నమస్తే అండీ, ఫలానా ల్యాబ్, బెంజి సర్కిల్ బ్రాంచి నుంచి, నిన్న మీరిచ్చిన బ్లడ్ శాంపిల్ గురించి’ అని ఊరు, పని కలిపి ఒకే వాక్యంలో చెప్పేయాలి. నంబర్లను వరసగా తనే కొట్టే ఆటో డయలర్ వాడుతుంటే ఇంకో చిక్కు ఉంది. అవతలివాళ్ళు ఎత్తాక మీ మనిషికి లైన్ కలిసేలోపు ఒకటి రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తుంది. ‘హలో... హలో...’ అని విసుగొచ్చి పెట్టేసి, అక్కడికక్కడే స్పామ్ నొక్కేది ఆ క్షణంలోనే. మీ స్థాయి ల్యాబ్‌కు అలాంటి డయలర్ అవసరమే లేదు, తీసేయండి.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది కలగలుపు. రిపోర్టు కాల్స్ చేసే సిమ్ నుంచే ‘ఈ నెల ఫుల్ బాడీ చెకప్ మీద డిస్కౌంట్’ అని పాత పేషెంట్లకు ఫోన్ చేస్తుంటే ఇవాళే ఆపండి. ఇది మంచి అలవాటు కోసం చెప్పే సలహా కాదు, నిబంధనే. ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ప్రచార కాల్స్‌కు టెలికం కంపెనీల నమోదు వేదిక అయిన డీఎల్‌టీ పోర్టల్లో సంస్థను రిజిస్టర్ చేసుకుని 140తో మొదలయ్యే నంబరు నుంచే చేయాలి. సర్వీసు కాల్‌లో ఆఫర్ మాట కలిపితే అది కూడా ప్రచారమే అవుతుంది. 2025 ఫిబ్రవరి సవరణతో ఇది మరింత బిగిసింది. డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దన్న నమోదు) పెట్టుకోనివారు కూడా ఇప్పుడు రిజిస్టర్ కాని నంబరు మీద ఫిర్యాదు చేయొచ్చు, కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు ఎప్పుడైనా చేయొచ్చు. పది రోజుల్లో అయిదు ఫిర్యాదులు చేరితే చాలు, చర్య మొదలవుతుంది. మొదటిసారి తప్పు తేలితే ఆ సంస్థ పేరున ఉన్న కనెక్షన్లన్నిటికీ 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్ళీ తేలితే ఏడాది పాటు అన్నీ కట్. అవుట్‌గోయింగ్ లేని ల్యాబ్‌లో క్రిటికల్ వాల్యూ (ప్రాణాపాయం సూచించే ఫలితం) వచ్చినప్పుడు పేషెంట్‌కు చెప్పే దారే ఉండదు. నాలుగు ప్యాకేజీలు అమ్ముకోవడం కోసం అంత ప్రమాదం తెచ్చుకోకూడదు.

ఈ మధ్య 1600 సిరీస్ నంబరు ఇప్పిస్తామని ఏజెంట్లు తిరుగుతున్నారు. అది సర్వీసు, లావాదేవీల కాల్స్ కోసం పెట్టిన సిరీసే అయినా మొదట ఇస్తున్నది బ్యాంకులు, బీమా వంటి ఆర్థిక సంస్థలకు, ప్రభుత్వ విభాగాలకు. ల్యాబ్‌కు ఇప్పిస్తానంటే ముందు మీ టెలికం కంపెనీ బిజినెస్ విభాగంలో నేరుగా అడిగి తెలుసుకోకుండా రూపాయి కూడా ఇవ్వకండి. అలాగే పర్సనల్ అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉన్న సిమ్‌ను కౌంటర్లో పెట్టి వాడుతుంటే మార్చేయండి. ఆ ప్లాన్ల షరతుల్లోనే వ్యాపార వాడకం కుదరదని ఉంటుంది. మీ అర్జీ పరిశీలించేవారు మొదట చూసేది అదే.

ఇక అర్జీల సంగతి. నెట్‌వర్క్ ముద్ర విషయంలో చాలామంది చేసే పొరపాటు, తమ సిమ్ కంపెనీకి రాయడం. మీది జియో సిమ్, ముద్ర పడుతున్నది ఎయిర్‌టెల్ కస్టమర్ల ఫోన్లలో అయితే జియో చేయగలిగింది లేదు. ముద్ర వేసింది కాల్ అందుకునేవైపు నెట్‌వర్క్, అర్జీ వాళ్ళకే వెళ్ళాలి. ముద్ర పడ్డ ఫోన్ మీ సిబ్బందిలో ఒకరిదైతే, ఆ సిమ్ నుంచే 198కి చేసి ఆ కంపెనీ కస్టమర్‌గా ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోవచ్చు. దాంతో పాటు బిజినెస్ విభాగానికి మెయిల్ పెట్టండి. అందులో రాయాల్సింది ఇంతే: ‘ఈ నంబరు మా ల్యాబ్ పేరున ఫలానా కంపెనీ దగ్గర ఉంది. శాంపిల్ ఇచ్చిన పేషెంట్లతో రిపోర్టు, అపాయింట్‌మెంట్ విషయాలకే వాడతాం. రోజుకు సగటున ఇన్ని కాల్స్. ఫలానా తేదీ, ఫలానా సమయానికి మీ నెట్‌వర్క్‌లోని ఈ నంబరుకు చేసినప్పుడు స్పామ్ అని పడింది, ఫోటో జతచేశాం. ప్రచార కాల్స్ ఈ నంబరు నుంచి చేయడం లేదు. పరిశీలించి ముద్ర తొలగించగలరు.’ జీఎస్టీ సర్టిఫికెట్ లేదా ల్యాబ్ రిజిస్ట్రేషన్, కనెక్షన్ బిల్లు జతచేయండి. పంపేటప్పుడు ఇంగ్లీషులో పంపితే పని త్వరగా కదులుతుంది. జవాబు సరిగ్గా లేకపోతే అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్ళొచ్చు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులను తీసుకోదు కాబట్టి అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోవద్దు.

కాల్స్ అసలు బయటికి వెళ్ళడమే ఆగిపోతే అది ముద్ర కాదు, పైన చెప్పిన ఫిర్యాదుల చర్య. అప్పుడు రాయాల్సింది మీ సిమ్ కంపెనీకే. ఏ తేదీల కాల్స్ మీద ఫిర్యాదు వచ్చిందో అడిగి, ఆ పేషెంట్ల బిల్లులు చూపించి అవి సర్వీసు కాల్సేనని రుజువు చేయాలి. శాంపిల్ రిజిస్టర్‌లో ఫోన్ నంబరు పక్కన పేషెంట్ సంతకం తీసుకునే అలవాటు ఇక్కడే అక్కరకొస్తుంది.

ట్రూకాలర్‌లో ముద్ర ఉంటే ఆ సిమ్‌తోనే యాప్‌లోకి వెళ్ళి నంబరు ధ్రువీకరించి, వ్యాపార ప్రొఫైల్ పెట్టండి. పేరు, రంగం, అడ్రసు, పనివేళలు నింపాలి, దీనికి డబ్బులేం కట్టక్కర్లేదు. పచ్చ టిక్కుతో వచ్చే వెరిఫైడ్ బిజినెస్ మాత్రం డబ్బు కట్టి తీసుకునేది. మీ స్థాయికి ముందు ఉచిత ప్రొఫైల్‌తో మొదలుపెట్టి, కాల్స్ తీరు మార్చి, ఫలితం చూశాక ఆలోచించండి. మీ నంబరుకు ఏ పేరు కనిపిస్తోందో కూడా చూసుకోండి. అక్కడి పేర్లు జనం ఇచ్చినవి, పాత యజమాని పేరో, ఎవరో కోపంలో పెట్టిన పేరో ఉండొచ్చు. అన్‌లిస్ట్ చేసుకోమని కొందరు సలహా ఇస్తారు, వినొద్దు. దాంతో మీ పేరు పోతుంది, పేరు లేని నంబరును జనం ఇంకా తక్కువ ఎత్తుతారు.

గూగుల్ విషయంలో మీ చేతిలో ఉన్నది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. కాల్ చేసే నంబరునే అందులో మొదటి నంబరుగా పెట్టి వెరిఫై చేయించుకుంటే, గూగుల్ డయలర్ ఉన్న ఫోన్లలో ల్యాబ్ పేరు కనిపించే అవకాశం ఉంటుంది. ముద్ర పడ్డ పేషెంట్లు కాల్ హిస్టరీలో మీ నంబరు నొక్కి స్పామ్ కాదని చెబితే ఆ సమాచారం గూగుల్‌కు చేరుతుంది. ఇది నిజమైన పేషెంట్లు చేస్తేనే మంచిది. డబ్బు తీసుకుని స్పామ్ తీయిస్తామనేవాళ్ళలో చాలామంది చేసేది పది ఫోన్లలో ఇదే బటన్ నొక్కడం. వాళ్ళెవరైనా మీ సిమ్‌కు వచ్చే ఓటీపీ అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

ఇంకో పని ఇప్పుడే చేసిపెట్టుకోవాలి. ఏ యాప్ లేకుండానే కాల్ చేసినవారి పేరు తెర మీద చూపించే సీఎన్ఏపీని ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది, అది దశలవారీగా వస్తోంది. అందులో కనిపించేది సిమ్ దరఖాస్తు ఫారంలో రాసిన పేరు. మీ కౌంటర్ సిమ్ మీ బావమరిది పేరున ఉంటే పేషెంట్‌కు కనిపించేది బావమరిదే. కనెక్షన్‌ను సంస్థ పేరుకు మార్పించండి. వ్యాపార కనెక్షన్లకు ట్రేడ్‌మార్క్ పేరునో, జీఎస్టీలో నమోదైన ట్రేడ్ నేమ్‌నో చూపించే వీలు కల్పించాలని కూడా ఆ సిఫారసుల్లో ఉంది. అందుకే జీఎస్టీలో ట్రేడ్ నేమ్ గడి ఖాళీగా ఉన్నా, అందులో పాత పేరున్నా ముందు దాన్ని సరిచేయించండి.

మీ అన్నయ్య సంగతి పూర్తిగా వేరే దారి. ఆయన కాల్స్ అమెరికా నంబర్లతో, ఇంటర్నెట్ లైన్ మీద వెళ్తాయి, అక్కడ ట్రాయ్‌కి పనిలేదు. అక్కడి టెలికం కంపెనీల తరఫున ముద్ర (లేబుల్) నిర్ణయించేది వేరే సంస్థలు: వెరైజన్ లేబుళ్ళ వెనక టీఎన్ఎస్, టీ-మొబైల్ వెనక ఫస్ట్ ఓరియన్, ఏటీ అండ్ టీ వెనక హియా ఉన్నాయి. ఫ్రీ కాలర్ రిజిస్ట్రీ అన్న వెబ్‌సైట్‌లో ఒక్క ఫారం నింపితే ఈ మూడింటికీ చేరుతుంది, ఫీజు లేదు. కంపెనీ పేరు, అమెరికా అడ్రసు, కాల్స్ దేనికోసమో, నంబర్లన్నీ అందులో ఇవ్వాలి. దాంతోపాటు లైన్ ఇచ్చిన కంపెనీని, తన కాల్స్ ఏ స్థాయి అటెస్టేషన్‌తో (ధ్రువీకరణతో) వెళ్తున్నాయో అడగమనండి. కాలర్ నంబరును ధ్రువీకరించే అక్కడి స్టిర్ షేకెన్ పద్ధతిలో మూడు స్థాయిలు ఉన్నాయి. ‘ఏ’ అంటే కస్టమర్ ఎవరో తెలుసు, ఆ నంబరు వాడే హక్కు ఉందనీ తెలుసు. బీ అంటే కస్టమర్ తెలుసు గానీ నంబరు సంగతి తెలియదు. సీ అంటే ఎక్కణ్ణుంచో వచ్చిన కాల్‌ను ముందుకు పంపాం అంతే. చవగ్గా వస్తుందని నంబర్లు ఒకచోట కొని కాల్స్ ఇంకో కంపెనీ లైన్ మీద పంపితే బీ, సీలతోనే పోతాయి, లేబుల్ పడే అవకాశం పెరుగుతుంది. నంబర్లు, లైన్ రెండూ ఒకే కంపెనీ దగ్గర ఉండాలి. పది నంబర్లు కొని మార్చి మార్చి వాడటం మానేసి, ఒక్కో రిక్రూటర్‌కు ఒకే నంబరు కేటాయించి, ఈమెయిల్ సంతకంలో అదే నంబరు పెట్టించమనండి. అక్కడ కాల్‌తో పాటు పేరు చూపించే సీన్యామ్‌లో పేరుకు 15 అక్షరాలే పడతాయి, కాబట్టి కంపెనీ పేరు మధ్యలో తెగిపోకుండా చిన్నగా కుదించి ఇవ్వాలి.